బయట నిలబడే మనిషి

ఫ్యాక్టరీలో నా పని నిలబడడం. నవ్వినా ఫర్వాలేదు, మా ఆవిడ ఫెబా కూడా నవ్వుతుంది. నాచారంలో మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో పందొమ్మిదేళ్లుగా ఉన్నాను. మొదటి పదమూడేళ్లు బస్తాలు మోశాను, పీపాలు దొర్లించాను. ఆరేళ్ల నుంచి నిలబడినందుకే జీతం తీసుకుంటున్నాను.

మందు వండే ఇనుప తొట్లను మేం రియాక్టర్లు అంటాం. ఒక్కోదాని లోపల చిన్న వంటిల్లంత చోటు ఉంటుంది. ఒక మందు అయిపోయి ఇంకో మందు మొదలుపెట్టేముందు ఎవరో ఒకరు లోపలికి దిగి గోడలన్నీ బ్రష్షుతో రుద్ది కడగాలి. పైన మూత తీస్తే, ఒక మనిషి ఒళ్లు దగ్గరపెట్టుకుని దూరేంత కంత. దిగేవాడి ఒంటికి బెల్టు కడతాం. బెల్టుకు తాడు, ఆ తాడు రెండో కొస దగ్గర నేను. రెండు నిమిషాలకోసారి పేరు పెట్టి పిలవాలి, లోపలివాడు 'ఆ' అనాలి. పలకకపోతే గంట కొట్టించాలి, తాడు చుట్టే చక్రం తిప్పి మనిషిని పైకి లాగాలి. ఏం జరిగినా నేను మాత్రం లోపలికి దిగకూడదు, ఇంకొకరిని దిగనివ్వకూడదు. ఒకడు పడిపోయాడని రెండోవాడు దిగితే రెండోవాడూ పడిపోతాడు. వాణ్ని చూసి మూడోవాడు దిగుతాడు. లోపల గాలి చెడితే దానికి తన పర అని ఉండదు.

పనిలో అందరికీ నీలం డ్రెస్సు, నెత్తిన టోపీ, మూతికి మాస్కు. నాకు మాత్రం నీలం మీద పసుపు జాకెట్. బయట నిలబడే మనిషి ఎవరో దూరం నుంచి కూడా తెలియాలని అలా పెట్టారు.

ఇంత చెప్పాక అసలు సంగతి కూడా చెప్పాలి. నేను పిరికివాణ్ని. ఈ సంగతి నాకు పోయిన ఎండాకాలం దాకా తెలియదు.

పీర్జాదిగూడ నుంచి ఉప్పల్ చౌరస్తాకు ఒక బస్సు, అక్కడ దిగి నాచారానికి ఇంకో బస్సు. రోజూ నా దారి అదే. ఏప్రిల్లో ఒక పొద్దున ఎనిమిదింటికి చౌరస్తాలో బస్సు కోసం చూస్తున్నాను. పక్కన మెట్రో స్తంభానికి ఆనుకుని నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన మెల్లగా కిందికి జారిపోయాడు. చేతిలో టిఫిన్ డబ్బా సంచి. ముందు కూర్చున్నాడేమో అనుకున్నాం. తర్వాత పక్కకు ఒరిగాడు. చుట్టూ నలభై మందిమి ఉంటాం. అందరం చూశాం. ఎవరో ఒకరు 108కి ఫోన్ చేసే ఉంటారులే అనుకున్నాను. నా ఫోన్ నా చేతిలోనే ఉంది, అందులో ఏదో వీడియో కూడా నడుస్తోంది. మిగతా ముప్పైతొమ్మిది మందీ నాలాగే అనుకున్నారని ఇప్పుడు తెలుస్తోంది. గుంపులో గోవిందా అంటారు కదా, అలా. పదకొండు నిమిషాలకు నా బస్సు వచ్చింది. నేను ఎక్కాను.

అవును, ఎక్కాను. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. బస్సు కదిలేటప్పుడు మెట్రో మెట్లు దిగి వచ్చిన ఒక కాలేజీ పిల్ల గుంపును తోసుకుని వెళ్లి, ఎవరన్నా ఫోన్ చేసిన్రా అని అడగడం వినిపించింది. ఎవరూ జవాబు చెప్పలేదు. నేను కిటికీలోంచి తల తిప్పుకున్నాను.

మూడోరోజు అదే చౌరస్తాలో కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టారు. శ్రద్ధాంజలి. దండ వేసిన బొమ్మ. అదే మొహం. జగన్మోహన్, యాభై ఎనిమిదేళ్లు. ఆ మనిషి పేరు నేను అలా తెలుసుకున్నాను. వానాకాలం వచ్చేదాకా ఆ ఫ్లెక్సీ అక్కడే ఉంది. రోజూ దాని కిందే నిలబడి బస్సు ఎక్కాను.

అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. రియాక్టర్ కంత దగ్గర తాడు పట్టుకుని నిలబడతాను. లోపలివాడి పేరు పిలుస్తాను. 'ఆ' అనేలోపు ఒక్క క్షణం ఉంటుంది చూడండి, ఆ క్షణంలో నాకు చౌరస్తా కనిపించేది. ఇప్పుడు వీడు పలకకపోతే నేనేం చేస్తాను? తల తిప్పుకుంటానా? రెండు నిమిషాలకోసారి, రోజుకు నూటయాభై సార్లు నన్ను నేను ఇదే అడుక్కున్నాను. రాత్రి అన్నం సయించేది కాదు. ఫెబాకు చెబితే, "నువ్వొక్కనివే ఉన్నవా ఆడ?" అంది ఓదార్పుగా. నన్ను చంపింది ఆ మాటే.

జులైలో మా సేఫ్టీ ఆఫీసరు రాజశ్రీ మేడం అందరికీ క్లాసు పెట్టింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆమెకు, అయినా గొంతులో అదురు బెదురు ఉండదు. గుంపు ఎందుకు కదలదో చెప్పింది. ఎంతమంది ఎక్కువ ఉంటే అంత తక్కువ సాయం వస్తుందట. అందుకని 'ఎవరైనా రండి' అని అరవకూడదు, ఒక్కరిని వేలు పెట్టి చూపాలి, 'ఎర్రంగీ అన్నా, నువ్వు ఫోన్ చెయ్యి' అనాలి, ఒక్కరికి ఒక్క పని చెప్పాలి అంది. నేను ఉప్పల్ గుంపులో ఉన్నానని ఆమెకు తెలియదు. అయినా నన్నే చూసి చెప్పినట్టు అనిపించి తల దించుకున్నాను.

క్లాసు అయ్యాక ఉత్తుత్తి ప్రమాదం ఒకటి పెట్టారు. గోనెబొమ్మకు బెల్టు కట్టి రియాక్టర్లో పడేశారు. ఇప్పుడు ఏం చేస్తావో చెయ్యి అంది మేడం. చుట్టూ కాంట్రాక్టు పనివాళ్లు పద్నాలుగు మంది. నేను వేలు చాచి, గొంతు చించుకుని అరిచాను.

"నీలమంగీ అన్నా, గంట కొట్టు!"

పద్నాలుగు నీలం అంగీలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాయి. తర్వాత అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. గంట ఎవరూ కొట్టలేదు. మేడం మాత్రం నవ్వలేదు, చేతి గడియారం చూసుకుని నాలుగు నిమిషాలని రాసుకుంది. గోనెబొమ్మ కాబట్టి సరిపోయింది.

సాయంత్రం నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చింది. తన చేత్తోనే తెలుగులో రాసింది. ధైర్యం పుట్టుకతో రాదట, కసరత్తుతో వస్తుందట. పొద్దున్నే దండీలు తీసినట్టు ఇవి రోజూ చేయమంది. చూసింది చూసినట్టు బయటికి అనడం ఒకటి. గుంపులో అందరికన్నా ముందు నోరు తెరవడం ఒకటి. ఒక్కరికి ఒక్క పని చెప్పడం. ఇక ఆఖరిది, కాళ్లు కదలనప్పుడు మూడు దాకా లెక్కపెట్టి, మూడు అనగానే ఏదో ఒక పని మొదలుపెట్టడం.

మర్నాడే మొదలుపెట్టాను. మన ఊళ్లో బండి స్టాండ్ తీయకుండా పోయేవాణ్ని చూస్తే చిన్నపిల్లలు కూడా 'అన్నా, స్టాండ్!' అని కేకేస్తారు. అన్నిటికన్నా సులువైనది అదే కదా అని దానితోనే మొదలెట్టాను. నాలుగు రోజులు నోరు పెగల్లేదు. ఐదోరోజు ఉప్పల్ డిపో దగ్గర ఒకడి వెనకాల గట్టిగా అరిచాను. వాడు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. చూస్తే స్టాండ్ తీసే ఉంది, నేను చూసింది సైలెన్సర్. వాడు అన్న మాటలు ఇక్కడ రాయను. అయినా ఇంటికి వచ్చి, ఈరోజు నోరు తెరిచానని ఫెబాకు గొప్పగా చెప్పుకున్నాను. ఆమె అప్పటికే విసిగి ఉంది, ఒకటి రెండు మూడు అనుకోకుండా నేను మంచం కూడా దిగడం లేదని.

మూడో కసరత్తే కుదరలేదు. ఒక్కరిని చూపడానికి మా దగ్గర అంగీ రంగు పనికిరాదు. పేరు కావాలి. అప్పుడు ఆలోచిస్తే సిగ్గేసింది. పద్నాలుగు మందిలో నాకు ముగ్గురి పేర్లే తెలుసు. కంపెనీ మనుషులం మేం నలభై మందిమి ఒకరికొకరం తెలుసు. కాంట్రాక్టు వాళ్లందరూ మాకు 'తమ్మీ'లే. పిలిస్తే ఎవరు దగ్గరుంటే వాళ్లు వస్తారు. లోపలికి దిగినప్పుడు గేట్ పాస్ చూసి పర్మిట్ కాగితం మీద పేరు ఎక్కిస్తాం, పైకి రాగానే మర్చిపోతాం.

టీ విరామంలో ఒక్కొక్కరి పక్కన కూర్చుని పేరు అడిగి చిన్న పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. వాళ్లకు ఇది ఎంత అనుమానంగా కనిపిస్తుందో నాకు తట్టలేదు. బిక్షపతి అనే అతను నేను నోరు తెరవకముందే, ఆదివారం తనకు వీలుపడదని చెప్పేశాడు. చర్చిలో ప్రార్థనకు పిలుస్తాననుకున్నాడు పాపం. ఇంకొందరు తీసేసేవాళ్ల లిస్టు రాస్తున్నానని గుసగుసలాడుకున్నారు. వాళ్లందరికీ పెద్ద ఉప్పలయ్య, యాభై దాటినవాడు, నా ఎదురుగా కూర్చుని నెమ్మదిగా అడిగాడు.

"పేర్లెందుకు హెన్రీ అన్నా? ఇన్నొద్దులు పేర్లు లేకుంటనే నడిచింది గద."

గంట కొట్టమని పిలవడానికి అన్నాను. ఆయన నమ్మలేదు. కానీ పేరు చెప్పాడు. అందరూ చెప్పారు. ఊడ్చే పని చేసే శారదమ్మ తన ఊరి పేరు కూడా కలిపి చెప్పింది, జనగామ పక్కన పల్లె. ఆఖరున కొత్తగా వచ్చిన కుర్రాడు ఒకడు, ఇరవై ఆరేళ్లుంటాయి, ఉప్పలయ్య వైపు ఒకసారి చూసి "రంజిత్" అన్నాడు. పద్నాలుగు పేర్లూ పూర్తయ్యాయి. నేనేదో గెలిచినట్టు సంబరపడ్డాను.

ఆ రంజిత్ అంటే నాకు ఒళ్లు మంట. పనిమంతుడే, గోడ రుద్దితే అద్దంలా ఉండేది. కానీ పిలిస్తే పలకడు. రెండోసారి పిలిస్తే గానీ 'ఆ' అనడు. నాకేమో మొదటి పిలుపుకూ రెండో పిలుపుకూ మధ్య పైప్రాణాలు పైనే పోయేవి. చెవుడా అని అడిగాను, కాదన్నాడు. మరి నన్నెందుకు చంపుతున్నావురా అని తిట్టాను. సారీ అన్నా అన్నాడు. మళ్లీ అదే వరస.

నవంబరు మొదటి వారం, మంగళవారం. పొద్దున పదిన్నరకు రంజిత్ రియాక్టర్లోకి దిగాడు. గాలి చూశారు, బాగుందన్నారు. పాస్ చూసి పర్మిట్ మీద 'రంజిత్' అని నేనే రాశాను, కింద సంతకం పెట్టాను. గాలి కొలిచే మీటరు తాడు కట్టి లోపలికి వేలాడదీశాను. అతను దిగి రుద్దడం మొదలుపెట్టాడు. బ్రష్షు చప్పుడు లయగా వినిపిస్తోంది.

పదకొండింటికి పిలిచాను. రెండోసారి పలికాడు. రెండు నిమిషాలాగి పిలిచాను. రెండోసారి కూడా పలకలేదు, కానీ బ్రష్షు చప్పుడు ఉంది. వీడి పొగరు తగలెయ్య అనుకున్నాను. నా తప్పు అక్కడే జరిగింది. చప్పుడు ఉంది కదా అని ఊరుకున్నాను. ఆ చప్పుడు కూడా లయ తప్పుతోంది, తాగినవాడు నడిచినట్టు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. తర్వాత ఆగిపోయింది. మీటరు కీచుమని మోగింది.

కంతలోకి లైటు వేశాను. రంజిత్ అడుగున గోడకు చేరగిలబడి ఉన్నాడు, తల ఛాతీ మీదికి వాలింది. రియాక్టర్ లోపల మందు కలిపే ఇనుప రెక్క ఉంటుంది. అతని తాడు దాని చుట్టూ ఒక మెలిక పడి ఉంది. చక్రం తిప్పితే తాడు రెక్కను పట్టుకుని గుంజుతోంది తప్ప మనిషి కదలడం లేదు. పక్కన ఎక్కడో వాల్వు కారి నత్రజని లోపలికి వచ్చి మంచి గాలిని తోసేసింది. వాసన ఉండదు, రంగు ఉండదు, ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది. ఇదంతా తర్వాత తేలింది. అప్పుడు నాకు తెలిసిందల్లా వాడు చచ్చిపోతున్నాడని.

నేను నిలబడిపోయాను. చౌరస్తాలో లాగానే. మీటరు మోత విని పద్నాలుగులో మిగిలిన పదమూడు మందీ చుట్టూ చేరారు. అందరూ కంత వైపు చూస్తున్నారు, తర్వాత నా వైపు. నా ఒంటి మీద పసుపు జాకెట్ ఉంది. ఒకటి, అనుకున్నాను. రెండు, అనుకున్నాను. రెండు దగ్గర ఆగిపోయాను. మూడు రావడం లేదు. ఇంత సులువైన అంకె నోట్లోకి రావడం లేదు. అప్పుడు ఎవరో నన్ను పక్కకు తోశారు.

ఉప్పలయ్య. కంతలోకి ఒక కాలు పెట్టేశాడు.

"జరుగన్నా. నేను దిగుత. పోరడు సస్తుండు."

మూడు అప్పుడొచ్చింది. ఉప్పలయ్య నడుము రెండు చేతులా పట్టుకుని వెనక్కు గుంజాను. ఇద్దరం ఇనుప చట్రం మీద పడ్డాం. ఆయన నన్ను బూతులు తిట్టాడు, మోచేత్తో మూతి మీద కొట్టాడు. నేను పట్టు వదల్లేదు. ఈ కంతలోకి ఎవరు దిగినా రెండో శవమే అవుతారని అరిచాను. ఆ మాట అన్నాక నోరు తెరుచుకుంది. చూసింది చూసినట్టు అనడం మొదలుపెట్టాను. వాడు పడిపోయిండు, ఊపిరి ఉంది, తాడు రెక్కకు పట్టింది, లోపల గాలి లేదు.

"బిక్షపతీ, గంట కొట్టి మేడం కాడికి ఉరుకు. గాలి సిలిండరు మాస్కు తెమ్మను, 108కి ఫోన్ చేయించు. ఉప్పలయ్యా, నువ్వు బ్లోయరు పైపు పట్టుకొచ్చి లోపలికి తొయ్యి."

బిక్షపతి పరిగెత్తాడు. గంట మోగింది. ఉప్పలయ్య నన్నొక చూపు చూసి లేచి, గాలి ఊదే బ్లోయరు పైపు లాక్కొచ్చి కంతలోకి దించాడు. పేర్లు పనికొచ్చాయి. ఆ కంగారులో కూడా నాకు ఆ సంగతి తట్టింది, సిగ్గులేకుండా సంతోషం కూడా వేసింది. తర్వాత కంత మీద బోర్లా పడుకుని పిలవడం మొదలుపెట్టాను. కాస్త గాలి తగిలితే తెలివి రావచ్చు. వాడు చెయ్యి ఎత్తి ఆ మెలిక ఒక్కటి తప్పిస్తే చాలు, మేం లాగేస్తాం. మేడం మాస్కు తెచ్చేలోపు ఇదొక్కటే దారి.

"రంజిత్! రంజిత్!"

కదలిక లేదు. నాలుగుసార్లు, ఐదుసార్లు పిలిచాను. బ్లోయరు గాలికి వాడి అంగీ అల్లాడుతోంది, వాడు మాత్రం అల్లాడడం లేదు. ఎవరైనా ఇంకో మాట చెబుతారేమోనని తల తిప్పి వెనక్కు చూశాను. పన్నెండు జతల కళ్లు, మాస్కుల పైన. ఒక్కరు కూడా కంత వైపు చూడడం లేదు. ఒకరినొకరు చూసుకుంటున్నారు.

ఆ చూపు నాకు తెలుసు. నలభై మందిలో నేను కూడా అదే చూపు చూశాను. నువ్వు చెబుతావేమో, నువ్వు చేస్తావేమో అనే చూపు. వీళ్లందరికీ ఏదో తెలుసు. తెలిసి ఎవరూ చెప్పడం లేదు. అప్పటిదాకా పడ్డ భయం ఒకెత్తు, ఇది ఒకెత్తు.

శారదమ్మ చీపురు గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది. మాస్కు కింద పెదవులు కదులుతున్నాయి. వేలు చాచి ఆమెను చూపించాను.

"శారదమ్మా. నిన్నే. నీకేం ఎర్కనో గదొక్కటి చెప్పు."

ఆమె ఉప్పలయ్య వైపు చూసింది. ఉప్పలయ్య తల దించుకున్నాడు. శారదమ్మ చీపురు పక్కన పెట్టి, నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నా చెవిలో చెప్పింది.

"గా పేరు పిలిస్తె పలకడు బిడ్డా. ఐలేష్ వాని పేరు. రంజిత్ వాని బామ్మర్ది. బండి మీంచి పడి కాలిరిగింది వానికి. నాగా వెడితె జాగ పోతదని వీడొస్తుండు, వాని పాస్ మీద."

రెండోసారి పిలిస్తే గానీ ఎందుకు పలికేవాడు కాదో అప్పుడు అర్థమైంది. మొదటి పిలుపు వాడిది కాదు. ఎవరినో పిలుస్తున్నారనుకునేవాడు. రెండో పిలుపుకు, ఓహో నన్నే అని గుర్తు తెచ్చుకునేవాడు. ఇప్పుడు గుర్తు తెచ్చుకునేంత తెలివి వాడికి లేదు.

"ఐలేష్!"

తల కదిలింది. కొంచెమే, ఛాతీ మీది నుంచి అంగుళం లేచింది.

"ఐలేష్. చెయ్యెత్తు బిడ్డా. తాడు పట్టుకో. రెక్క మీదికెల్లి ఇవతలికెయ్యి."

చెయ్యి లేచి పడిపోయింది. మళ్లీ పిలిచాను. శారదమ్మ కూడా నా పక్కన వంగి పిలిచింది, ఇంట్లో పిల్లాణ్ని లేపుతున్నట్టు, ఒరే ఐలేషూ, పొద్దెక్కింది లేవురా అని. మూడోసారికి చెయ్యి తాడును పట్టుకుంది. రెక్క మీది నుంచి తాడు జారి వదులైంది. ఉప్పలయ్య చక్రం మీద పడ్డాడు. ఇంకో ఇద్దరు ఆయనతో కలిశారు. మనిషి గిర్రున తిరుగుతూ పైకి వచ్చాడు. భుజాలు కంతలోంచి బయటికి వచ్చేసరికి మెట్ల మీద రాజశ్రీ మేడం బూట్ల చప్పుడు వినిపించింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

గేటు దగ్గర 108 వచ్చి నిలబడింది. ఐలేష్‌ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి మొహానికి ఆక్సిజన్ పెట్టారు. పైకి రాగానే ఒకసారి కళ్లు తెరిచాడు, మళ్లీ మూసేశాడు. మేనేజరు వచ్చాడు. కాంట్రాక్టరు మనిషి కూడా చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. అంబులెన్సులో వచ్చిన అబ్బాయి పేషెంటు చెంపలు తడుతూ పేరేంటని అడిగాడు. నిద్రపోనివ్వకూడదు, దారి పొడవునా పిలుస్తూ ఉండాలట.

మేడం నేను రాసిన పర్మిట్ చూసి, రంజిత్ అని చెప్పింది. ఆమె తప్పేం లేదు. కాంట్రాక్టరు మనిషి పాస్ తీసి చూపించి, అవును రంజితే అన్నాడు. అంబులెన్సు అబ్బాయి రంజిత్ రంజిత్ అని పిలిచాడు. రెప్ప కూడా కదల్లేదు. కాగితం మీద రంజిత్ అని రాసుకోవడం మొదలుపెట్టాడు.

మేం పదమూడు, పద్నాలుగు మందిమి అక్కడే ఉన్నాం. నిజం బయటపడితే పాస్ మార్చినందుకు రంజిత్ జాగా పోతుంది. తెలిసీ దాచినందుకు మిగతావాళ్లవి పోతాయి. పాస్ మీది ఫొటోతో మొహం పోల్చి చూడకుండా పర్మిట్ రాసినందుకు నాది పోతుంది. పందొమ్మిదేళ్ల ఉద్యోగం. ఇంటి అద్దె, ఫెబా మందులు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆసుపత్రికి వెళ్లాక ఎవరో ఒకరు చెబుతారులే. ఎవరో ఒకరు. ఆ మాట నాలోంచే వచ్చింది, చౌరస్తాలో వచ్చినట్టే, అదే గొంతుతో.

దారిలో వాడు పోతే రేపు ఫ్లెక్సీ మీద ఎవరి పేరు వేస్తారు?

కాగితంలోని కసరత్తు గుర్తొచ్చింది. ఒక్కరిని వేలు పెట్టి చూపాలి. వెనక్కు తిరిగాను. ఉప్పలయ్య నా వేలు వైపు చూశాడు. శారదమ్మ చూసింది. అరగంట కిందట ఇదే వేలు చూపిస్తే పరిగెత్తారు, చక్రం తిప్పారు. ఇప్పుడు ఇదే వేలు ఎవరి మీద పడితే వాళ్ల కూడు పోతుంది. వాళ్ల కళ్లలో ఉన్న భయం నా మీదే. దాన్ని చూసి నాకు నేనంటేనే భయం వేసింది.

ఒకటి. రెండు.

వేలు తిప్పి నా పసుపు జాకెట్ మీద పెట్టుకున్నాను.

"సార్, పర్మిట్ నేను రాసిన. పేరు తప్పు రాసిన. మొహం సూడకుంట, పాస్ సూసి రాసిన. గా తప్పు నాది. వీని పేరు రంజిత్ కాదు, ఐలేష్."

మేనేజరు నన్ను చూశాడు. కాంట్రాక్టరు మనిషి ఏదో అనబోయాడు. నా వెనక ఎవరూ ఏమీ అనలేదు. అననందుకు నాకు కోపం రాలేదు. రేపటి నుంచి పనిలోకి రావద్దంటారని తెలుసు, ఎంక్వయిరీ అంటారని తెలుసు. మేడం తన చేతిలోని పర్మిట్ మీద రంజిత్ అన్న పేరుకు గీత కొట్టింది.

స్ట్రెచర్ లోపలికి ఎక్కించారు. అంబులెన్సు అబ్బాయి కూడా ఎక్కి, తలుపు వేయడానికి చెయ్యి చాచి, వంగి పిలిచాడు.

"ఐలేష్."

"ఆ" అని వినిపించింది లోపలి నుంచి. రెండోసారి పిలవాల్సిన పని పడలేదు.